అక్రిలిక్ చిత్రరచన – విద్యార్థి చిత్రకారుని స్వీయసమీక్ష: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

చిత్రకళను అభ్యసించే విద్యార్థి తాను వేసిన చిత్రాన్ని గురించి తానే ఒక వివరణపత్రం రాయవలసి రావడం నేటి కళాశాలల్లో సాధారణమైంది. ఆ పత్రం తరచుగా చిత్రానికి ఒక గంభీరమైన అర్థాన్ని అంటగట్టే ప్రయత్నంగా మిగిలిపోతున్నది. అక్రిలిక్ రంగుల భౌతికస్వభావాన్ని ఆధారం చేసుకొని, అటువంటి రచనలో ఏది నమోదు కావాలో, దానిని తెలుగులో ఏ మాటలతో చెప్పవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అక్రిలిక్, స్వీయసమీక్ష, బంధకం, పొర, ఉద్దేశం, వర్ణపదజాలం.

1. ప్రవేశిక

బొమ్మ వేసినవాడు బొమ్మను గురించి మాట్లాడనక్కరలేదు, బొమ్మే మాట్లాడాలి అనే అభిప్రాయం చిత్రకారులలో చాలాకాలంగా ఉన్నది. చేయి తిరిగిన చిత్రకారునికి అది చెల్లుతుంది. విద్యార్థికి చెల్లదు. అతడు తన చిత్రంతోపాటు రెండుమూడు పుటల వివరణను సమర్పించాలి. పరీక్షకుల ఎదుట కూర్చుని ఆ పుటల్లోని ప్రతి వాక్యానికీ జవాబుదారీ కావాలి. కుంచె పట్టడం నేర్పిన గురువులు ఈ రచనను ప్రత్యేకంగా నేర్పడం అరుదు. అందువల్ల విద్యార్థి ప్రదర్శనల సూచీపుస్తకాలలో తనకు కనిపించిన వాక్యాలనే అటూ ఇటూ మార్చి రాస్తాడు. “ఈ చిత్రం ద్వారా ప్రకృతికీ మానవునికీ గల అవినాభావ సంబంధాన్ని ఆవిష్కరించడం జరిగింది” అన్నది అటువంటి వాక్యానికి ఒక నమూనా. దీనిని ఏ చిత్రం కిందనైనా పెట్టవచ్చు. అదే దీని లోపం.

చిత్రకారులు తమ పనిని గురించి రాసిన మంచి రచనలు ఇందుకు భిన్నంగా ఉంటాయి. విన్సెంట్ వాన్ గో తన తమ్ముడు థియోకు రాసిన లేఖలలో ఆత్మనివేదన ఎంత ఉన్నదో, ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాడన్న లెక్కా అంతే ఉన్నది. రంగుగొట్టాలు పంపమని రాసిన జాబితాలు కూడ ఆ లేఖలలో భాగమే. చిత్రకారుని ఆలోచన వస్తువుల మధ్య జరుగుతుందని చెప్పడానికి ఆ జాబితాలు మంచి సాక్ష్యం.

డొనాల్డ్ షోన్ 1983లో వెలువరించిన ‘ది రిఫ్లెక్టివ్ ప్రాక్టిషనర్’ అనే గ్రంథం వృత్తినిపుణుల ఆలోచనను రెండు విధాలుగా చూసింది. పని సాగుతుండగానే చేతిలో చేయిగా నడిచే ఆలోచన ఒకటి; పని ముగిసిన తరువాత వెనుదిరిగి చూసే ఆలోచన మరొకటి. విద్యార్థి రాసే పత్రం రెండవ కోవకు చెందుతుంది. కాని దాని విలువ మొదటిదానిని అది ఎంతవరకు పట్టుకోగలిగింది అన్నదానిమీద ఆధారపడుతుంది. ఇక్కడే మాధ్యమం ప్రశ్న వస్తుంది. కొన్ని మాధ్యమాలు ఆలోచనకు తావిస్తాయి, కొన్ని తొందరపెడతాయి. అక్రిలిక్ రెండవ జాతికి చెందినది.

2. బంధకం, పొర, వేగం

ఏ రంగులోనైనా మూలద్రవ్యాలు రెండు: వర్ణాన్నిచ్చే పొడి, ఆ పొడిని ఆధారతలానికి అంటిపెట్టే బంధకం. ఈ విషయం మన శాస్త్రగ్రంథాలకు కొత్త కాదు. పశ్చిమ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన ‘మానసోల్లాసం’ చిత్రప్రకరణంలో దున్నపోతు చర్మాన్ని నీటిలో ఉడికించి చేసే వజ్రలేపాన్ని వర్ణించింది. నీటిరంగుల్లో ఆ పనిని తుమ్మజాతి చెట్టు జిగురు చేస్తుంది, తైలవర్ణాలలో అవిసెనూనె చేస్తుంది. అక్రిలిక్‌లో ఆ స్థానాన్ని కృత్రిమమైన పాలిమర్ ఆక్రమించింది. నూనె ద్రావకంతో పలుచన చేసే మాగ్నా అనే అక్రిలిక్ రంగును 1940ల చివరిలో లెనార్డ్ బోకూర్, శామ్ గోల్డెన్ అమెరికాలో తయారుచేశారు. నీటితో కలిపే రంగులు 1950ల మధ్యలో లిక్విటెక్స్ పేరుతో బజారులోకి వచ్చాయి. నేటి విద్యార్థి చేతిలో ఉన్నవి ఈ రెండవరకం రంగులే.

ఈ రంగు ఆరే తీరును కొంచెం నిదానంగా గమనించాలి. గొట్టంలో ఉన్న రంగులో అతిసూక్ష్మమైన పాలిమర్ కణాలు నీటిలో విడివిడిగా తేలుతుంటాయి. కాన్వాసుమీద నీరు ఆవిరి కాగానే ఆ కణాలు దగ్గరికి జరిగి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి అతుకులేని పొరగా మారతాయి. ఆ పొర మళ్ళీ నీటికి కరగదు. పోస్టరు రంగు ఆరిన తరువాత కూడ తడికుంచె తగిలితే చెదురుతుంది. తైలవర్ణం గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుంటూ రోజులు, వారాల తరబడి గట్టిపడుతుంది. ఆ మధ్యకాలంలో దానిని జరపవచ్చు, గీకవచ్చు, తుడవవచ్చు. అక్రిలిక్ పలుచని పూత మాత్రం నిమిషాలలో తిరుగులేని నిర్ణయమైపోతుంది. తెలుగునాట ఏప్రిల్, మే నెలల్లో పంకా కింద కూర్చుని వేసే విద్యార్థికి ఆ నిమిషాలు కూడ దక్కవు. కుంచె పళ్ళెం మీదికి వెళ్ళి తిరిగి వచ్చేలోపు అంచు బిగిసిపోతుంది. ఆరుదలను ఆలస్యం చేసే ద్రవ్యాలున్నాయి, పళ్ళెం మీద నీళ్ళు చిలకరించుకోవచ్చు. కాని నీరు మితిమీరితే బంధకం పలచబడి పొర బలహీనమవుతుంది.

మరొక స్వభావం విద్యార్థులను ఎక్కువగా మోసగిస్తుంది. తడిగా ఉన్నప్పుడు బంధకం పాలవలె తెల్లగా ఉంటుంది. ఆ తెలుపు రంగులో కలిసి కనిపిస్తుంది. ఆరిన కొద్దీ బంధకం స్వచ్ఛమై రంగు ముదురుతుంది. అంటే చిత్రకారుడు ఎంచుకున్న రంగు ఒకటి, చిత్రంలో మిగిలే రంగు మరొకటి. అనుభవజ్ఞుడు ఈ తేడాను ముందే లెక్కకు తీసుకుంటాడు. విద్యార్థికి అది ప్రతిసారీ ఒక ఆశాభంగం.

3. కప్పిపోయిన నిర్ణయాలు

అక్రిలిక్ వేగంగా ఆరడంవల్ల ఒక సౌకర్యం కూడ ఉన్నది. నచ్చని భాగాన్ని అరగంటలో కప్పివేసి దానిమీద మరొకటి వేయవచ్చు. తైలవర్ణ చిత్రాలలో పై పొర కాలక్రమంలో కొంత పారదర్శకమై, చిత్రకారుడు మొదట వేసి తరువాత మార్చుకున్న చేయి, టోపీ, కిటికీ లీలగా బయటపడిన సందర్భాలున్నాయి. కళాచరిత్రకారులు వాటిని ఇటాలియన్ మాటతో పెంటిమెంటో అంటారు; పశ్చాత్తాపమని దాని అర్థం. విద్యార్థి అక్రిలిక్ చిత్రం విషయంలో అటువంటి సహాయాన్ని ఆశించడానికి లేదు. దట్టంగా కప్పిన పొర కింద ఏముందో చూసేవారికి తెలియదు. కొన్ని నెలల తరువాత వేసినవారికీ గుర్తుండదు.

డేవిడ్ హాక్నీ 1967లో వేసిన ‘ఎ బిగ్గర్ స్ప్లాష్’ అనే అక్రిలిక్ చిత్రాన్ని ఈ సందర్భంలో స్మరించడం ఉచితం. అందులో ఆకాశం, ఇల్లు, ఈతకొలను చదునైన రంగుపలకలుగా ఉంటాయి. వాటిని రోలరుతో పరిచాడు. ఎవరో నీటిలోకి దూకగా ఎగసిన తుంపర మాత్రం చిన్న కుంచెలతో సుమారు రెండు వారాలపాటు వేసినది. రెండు క్షణాలు నిలిచే దృశ్యానికి రెండు వారాలు పట్టిందన్న సంగతి చిత్రాన్ని చూస్తే తట్టదు. చిత్రకారుడు చెప్పినందువల్లనే తెలిసింది. తెలిసిన తరువాత చిత్రాన్ని చూసే చూపు మారుతుంది. స్వీయసమీక్ష చేయగల పని ఇంతకంటె మరొకటి ఉన్నదనుకోనక్కరలేదు.

4. ఒక ఊహాత్మక ఉదాహరణ

వివరణకోసం ఒక విద్యార్థిని కల్పించుకుందాం. ఆమె వేసవిలో నీరు తగ్గిన ఊరిచెరువును అక్రిలిక్‌లో వేస్తున్నది. కాన్వాసు తెలుపు కంటికి గుచ్చుకుంటుందని మొదట అంతటా పలుచగా బర్న్‌ట్ సియెనా పూసింది. ఎందుకా రంగు అంటే, పెట్టెలో అది ఎక్కువగా మిగిలి ఉన్నది. అంతకుమించిన కారణం లేదు. దానిమీద అల్ట్రామెరీన్ నీలంలో తెలుపు కలిపి నీటిని వేసింది. తడిగా ఉన్నప్పుడు అది సరిగ్గా మధ్యాహ్నపు చెరువే. ఆరిన తరువాత సాయంత్రమైంది. తెలుపు మరికొంత కలిపి మళ్ళీ వేసింది. ఈసారి నీరు సుద్దనీళ్ళలా కనిపించింది. విసుగుతో తడిగుడ్డ పెట్టి తుడవగా, ఇంకా ఆరని చోట్ల మాత్రమే రంగు లేచివచ్చి, కింది గోధుమవర్ణం మచ్చలు మచ్చలుగా బయటపడింది. బీటలువారిన గట్టులాగా ఉన్న ఆ మచ్చలను చూసి, నీటిభాగాన్ని సగానికి తగ్గించి, ఆకాశాన్ని ఒక సన్నని పట్టీగా పైకి నెట్టింది. అప్పుడే ఆ చిత్రం కరవును గురించినదైంది.

ఆమె రాయబోయే పత్రంలో రెండు అవకాశాలున్నాయి. “కరవును చిత్రించాలన్న సంకల్పంతో మట్టిరంగును ఎన్నుకున్నాను” అని రాయవచ్చు. పరీక్షకులు మెచ్చుకుంటారు కూడ. కాని అది జరిగినదానికి తలకిందులు. మట్టిరంగు ముందు వచ్చింది, కరవు తరువాత వచ్చింది. మధ్యలో ఒక పొరపాటు, ఒక తడిగుడ్డ ఉన్నాయి. ఈ క్రమాన్ని ఉన్నదున్నట్లు రాస్తే తనకు ముందుచూపు లేదని పరీక్షకులు అనుకుంటారేమోనన్న భయం విద్యార్థినికి సహజం. ఆ భయాన్ని పోగొట్టవలసిన బాధ్యత అధ్యాపకులది. మచ్చలను చూసి ఆగడం, వాటిని కప్పివేయకుండా చిత్రాన్నే వాటికి అనుగుణంగా మార్చడం యాదృచ్ఛికం కాదు. అది చూపుకు, వివేచనకు సంబంధించిన నిర్ణయం. దానిని దాచితే ఆమె తన చిత్రంలోని ఉత్తమమైన ఘడియనే దాచినట్లు.

మైకేల్ బాక్సండాల్ 1985లో ప్రచురించిన ‘పాటర్న్స్ ఆఫ్ ఇంటెన్షన్’ ఈ విషయంలో చదవదగిన గ్రంథం. చిత్రకారుని ఉద్దేశాన్ని కుంచె పట్టకముందే మనసులో సిద్ధమై కూర్చున్న భావంగా ఆయన తీసుకోడు; పనిలో ఎదురయ్యే ఒక్కొక్క సమస్యతో అది మారుతూ వస్తుందన్నది ఆయన దృష్టి. న్యూయార్కులో 1936లో ప్రయోగశాల నడిపిన మెక్సికో చిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికేరోస్ మోటారువాహనాలకు వాడే కృత్రిమ రంగులను ఒలికించి, ఆ ఒలుకులలో రూపాలను వెదికాడు. యువకుడైన జాక్సన్ పొలాక్ ఆ ప్రయోగశాలలో పాల్గొన్నాడు. ప్రమాదవశాత్తు జరిగినదానిని ఉపయోగించుకోవడం కృత్రిమ రంగుల చరిత్రలో మొదటినుంచీ ఉన్న పద్ధతే. తెలుగు కళాశాల విద్యార్థిని దానికి సిగ్గుపడనక్కరలేదు.

ప్రతి దశలో చరవాణితో ఛాయాచిత్రం తీసుకునే అలవాటు ఇప్పుడు చాలామందికి ఉన్నది. ఉపయోగకరమే. అయితే ఛాయాచిత్రం నీరు తెల్లబడిందని చూపుతుంది, తుడవాలని ఎందుకనిపించిందో చూపదు. పక్కన పెట్టుకున్న కాగితం మీద ఆ పూటే రాసిన రెండు ముక్కలు ఇక్కడ ఎక్కువ పనికివస్తాయి.

5. తెలుగులో రాయడం

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి ఈ పత్రం మరొక ఇబ్బందిని తెస్తుంది. గొట్టాలమీది పేర్లు ఆంగ్లంలో ఉంటాయి. ‘పి.బి. 29’ అని ముద్రించి ఉంటే అల్ట్రామెరీన్ అనీ, ‘పి.డబ్ల్యు. 6’ అంటే టైటానియం తెలుపు అనీ తెలియాలి. ఈ సంకేతాలను, వ్యాపారనామాలను అట్లాగే తెలుగు లిపిలో రాసుకోవడం మంచిది. వాటికి సంస్కృత సమాసాలను కల్పిస్తే ఎవరికీ అర్థం కాకపోగా, ఏ రంగు వాడారో తెలుసుకునే ఆధారం కూడ పోతుంది.

రంగు కనిపించిన తీరును చెప్పడానికి మాత్రం తెలుగులో కొరత లేదు. గచ్చకాయ రంగు, వంగపండు రంగు, నెమలికంఠం, చిలకపచ్చ, ఇటుక రంగు వంటి పేర్లన్నీ వస్తువులతో ముడిపడినవి. అందువల్ల రంగుతోపాటు దాని మెరుపును, మొరటుదనాన్ని కూడ స్ఫురింపజేస్తాయి. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు అయినప్పుడు బట్ట కదలిన కొద్దీ మారే వన్నెను నేతవారు కలనేత అంటారు. కింది పొర పై పొరగుండా తొంగిచూసే పూతను వర్ణించవలసిన విద్యార్థికి ఈ మాట ఎంతగానో ఉపకరిస్తుంది. ఉతికిన చీర ఆరుతుంది, వడియం ఎండుతుంది. పైతడి పోవడానికీ, లోపలిదాకా తేమ పోవడానికీ మధ్య ఈ తేడా అక్రిలిక్‌కు చక్కగా సరిపోతుంది. చేతికి అంటనంతగా ఆరిన మందపు పూత లోపల ఎండడానికి రోజులు పట్టవచ్చు. అది తెలియక చిత్రాలను ముఖాముఖిగా పేర్చి, వేడికి మెత్తబడిన పొరలు అతుక్కుపోగా నష్టపోయినవారున్నారు.

చిత్రకళను గురించి తెలుగులో రాయడానికి పూర్వరంగం లేకపోలేదు. అడివి బాపిరాజు కుంచెను, కలాన్ని సమానంగా పట్టినవాడు. తుమ్మపూడిలో నివసించిన సంజీవదేవ్ (1914–1999) తాను చిత్రకారుడై ఉండి కళను గురించి తెలుగులో విస్తృతంగా వ్యాసాలు రాశాడు. తెలుగుశాఖలు వీరి రచనలను సాహిత్యంగా పరిశీలించాయి గాని, చిత్రకళావిద్యార్థులకు వచననమూనాలుగా అందించిన సందర్భాలు తక్కువ. అక్రిలిక్‌నే ప్రధానమాధ్యమంగా చేసుకొని తెలంగాణ గ్రామీణస్త్రీల రూపాలను చిత్రించిన తోట వైకుంఠం (జననం 1942) చిత్రాలను చూపి, ఆ చిక్కని ఎరుపు, పసుపు చదునుపూతలకు ఈ మాధ్యమం ఎట్లా తోడ్పడిందో రాయమనడం తరగతిలో ఇవ్వదగిన తొలి అభ్యాసం. పరుల చిత్రంలోని పొరలను మాటలలో పెట్టిన విద్యార్థిని తన చెరువుచిత్రం దగ్గరికి తిరిగి వచ్చినప్పుడు, తడిగుడ్డతో తుడిచిన ఆ మధ్యాహ్నాన్ని పత్రంలో ఏ వాక్యం తరువాత చెప్పాలో ఆలోచిస్తుంది.