కటి కండరాల బలహీనతకు ఫిజియోథెరపీతో ఉపశమనం
(సెప్టెంబరు 8 ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

తుమ్మినా, దగ్గినా, నిండు బిందె ఎత్తినా తెలియకుండానే మూత్రం పడిపోవడం ఎందరో మహిళలు అనుభవించే బాధ. అయినా ఈ మాటను కట్టుకున్నవానికి గాని, కన్నతల్లికి గాని, వైద్యునికి గాని చెప్పుకొనేవారు తక్కువ. కాన్పుల తరువాత ఇది మామూలేనని, వయసు మీదపడితే తప్పదని సరిపెట్టుకొంటారు. పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లడం మానుకొంటారు. బస్సు ప్రయాణం ఉన్నదంటే ముందు రోజు నుంచే నీళ్లు తాగడం తగ్గిస్తారు. ఈ ఇబ్బంది తరచుగా కనిపించేదే గాని, భరించి తీరవలసినది మాత్రం కాదు. కటి కండరాల బలహీనత దీనికి ఒక ముఖ్య కారణం. ఆ కండరాలను తిరిగి బలపరచే మార్గం ఫిజియోథెరపీలో ఉన్నది.

కండరాల ఉయ్యాల

నడుము దిగువన ఉండే ఎముకల గూటిని కటి అంటారు. దాని అడుగుభాగాన, ముందువైపు ఎముక నుంచి వెనుక తోక ఎముక వరకు కండరాల పొర ఒకటి ఉయ్యాల వలె అమరి ఉంటుంది. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం ఈ పొర ఆధారంగానే తమ స్థానాలలో నిలిచి ఉంటాయి. మలమూత్రాలను ఆపుకొనేటప్పుడు బిగిసేవి, విసర్జన వేళ సడలేవి ఈ కండరాలే. పురుషులలో కూడా ఇవి ఉంటాయి. ప్రోస్టేట్ శస్త్రచికిత్స తరువాత మూత్రం ఆపుకోలేని పురుషులకు సైతం ఈ వ్యాయామాలనే సూచిస్తారు.

ఎందుకు బలహీనపడతాయి?

గర్భం మోయడం, నొప్పులు ఎక్కువసేపు సాగిన కాన్పు, పెద్ద బిడ్డ జననం ఈ కండరాలను సాగదీస్తాయి. బాలింత కోలుకోకముందే బరువులు మోసే పనులకు దిగితే వాటిపై భారం మరింత పెరుగుతుంది. విడవని దగ్గు, మలబద్ధకం, స్థూలకాయం కూడా కారణాలే. నెలసరి ఆగిపోయిన తరువాత హార్మోన్లు తగ్గి కణజాలం పలుచబడుతుంది. పట్టు బాగా సడలినప్పుడు గర్భసంచి కిందికి జారుతుంది. యోనిలో ఏదో దిగినట్లు, బరువుగా ఉన్నట్లు అనిపించడం దీని తొలి లక్షణం.

వ్యాయామ విధానం

అమెరికాకు చెందిన స్త్రీవైద్య నిపుణుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ కండరాల వ్యాయామాన్ని శాస్త్రీయంగా వివరించారు. అందుకే వీటికి కెగెల్ వ్యాయామాలనే పేరు స్థిరపడింది. వాయువును ఆపుకొంటున్నట్లుగా కండరాలను లోపలికి, పైకి బిగించి, మొదట 3 నుంచి 5 సెకన్లు నిలిపి, అంతే సమయం పూర్తిగా సడలించాలి. ఇలా 8 నుంచి 10 సార్లు, రోజుకు 3 పర్యాయాలు చేయాలి. ఊపిరి బిగపట్టరాదు. కడుపును, తొడలను, పిరుదులను బిగించరాదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయరాదు. దగ్గు, తుమ్ము రాబోయే ముందు, బరువు ఎత్తబోయే ముందు ఒకసారి బిగించడం అలవాటు చేసుకోవాలి. ఫలితం కనిపించడానికి కనీసం 3 నెలలు పట్టవచ్చు.

చెప్పినంత మాత్రాన అందరూ సరిగా చేయలేరు. పైకి బిగించడానికి బదులు కిందికి ముక్కేవారు ఉన్నారు. అందుచేత ఫిజియోథెరపిస్టు రోగి అంగీకారంతో పరీక్షించి, కండరాల పట్టును అంచనా వేసి, తగిన వ్యాయామాన్ని నిర్ణయిస్తారు. మూత్రానికి వెళ్లే వేళలను రాయించి, వ్యవధిని క్రమంగా పెంచే శిక్షణ ఇస్తారు. కొందరిలో కండరాలు బలహీనంగా గాక అతిగా బిగుసుకొని ఉంటాయి. కటిభాగంలో నొప్పి, సంసార జీవితంలో బాధ ఉన్నవారికి ముందుగా సడలించడం నేర్పవలసి ఉంటుంది. వారు సొంతంగా బిగింపు వ్యాయామాలు చేస్తే బాధ పెరగవచ్చు.

శస్త్రచికిత్సే శరణ్యమా?

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో గర్భసంచి తొలగింపు జరిగినవారు దేశంలో 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. ఇందుకు అధిక రక్తస్రావం వంటి ఇతర కారణాలూ ఉన్నాయి. అనవసరమైన తొలగింపులను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. గర్భసంచిని తొలగించినంత మాత్రాన కటి కండరాలకు బలం రాదు. జారడం తొలిదశలో ఉన్నప్పుడు వ్యాయామంతోను, పెసరీ అనే వలయాన్ని లోపల అమర్చడంతోను పలువురు ఉపశమనం పొందగలరు. గర్భసంచి బయటకు వచ్చినవారికి, ఈ పద్ధతులతో మేలు కలగనివారికి శస్త్రచికిత్స అవసరం కావచ్చు. ఆ నిర్ణయానికి ముందు ఇతర మార్గాలేమిటని అడిగి తెలుసుకొనే హక్కు ప్రతి మహిళకూ ఉన్నది.

ఎవరిని సంప్రదించాలి?

ముందుగా ఆశా కార్యకర్తకు గాని, ఏఎన్ఎంకు గాని చెప్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా జిల్లా ఆసుపత్రిలోని స్త్రీవైద్య, ఫిజియోథెరపీ విభాగాలకు వెళ్లవచ్చు. మూత్రంలో రక్తం, నెలసరి ఆగిన తరువాత రక్తస్రావం కనిపించినా, అకస్మాత్తుగా మూత్రం బిగిసినా, మలమూత్ర ద్వారాల వద్ద స్పర్శ తెలియకపోయినా వ్యాయామాలతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని చూడాలి. నీళ్లు తాగడం మానితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత చికాకు పరుస్తుందే గాని సమస్య తీరదు.

మోకాలి నొప్పిని నలుగురిలో చెప్పుకొన్నట్లే ఈ బాధనూ సంకోచం లేకుండా చెప్పుకొనే వాతావరణాన్ని కుటుంబ సభ్యులు కల్పించాలి. బాలింతను చూడవచ్చిన ఆరోగ్య కార్యకర్త బిడ్డ బరువుతో పాటు తల్లి ఇబ్బందిని కూడా ఒక్క మాట అడిగితే, ఏళ్ల తరబడి మోయవలసిన బాధకు తొలిదశలోనే చికిత్స అందుతుంది.