కాన్సరు చికిత్సలో సత్యశోధన

కాన్సరు రోగికి వైద్యులు ఒక్కొక్కప్పుడు ఒక కాగితాల కట్టను అందించి, "ఒక క్రొత్త చికిత్సను పరీక్షిస్తున్నాము; ఇష్టమైతే మీరు కూడా ఇందులో చేరవచ్చు" అని చెప్పడం కలదు. ఆ మాట వినగానే ఆ కుటుంబంలో రెండు భావాలు ఏకకాలంలో కలుగుతాయి. ఒకటి ఆశ. రెండవది, తమను ప్రయోగశాలలోని ఎలుకలవలె వాడుకొంటున్నారేమో అనే శంక. ఈ రెండింటిలో ఏది యుక్తమో నిర్ణయించుకోవాలంటే, క్లినికల్ పరీక్షలనబడే ఈ ప్రక్రియ ఏమిటో, ఎందుకు అవసరమైనదో, ఏ నియమాలకు లోబడి జరుగుతుందో తెలియాలి. ఆ కాగితాలను చదివి ఇంటి పెద్దలకు వివరించవలసిన భారం తరచుగా చదువుకొన్న పిల్లలపైనే పడుతుంది. కనుక ఈ విషయాన్ని కళాశాల పత్రికలో ముచ్చటించడం అప్రస్తుతం కానేరదు.

పోలికయే ప్రమాణం

ఒక మందు పుచ్చుకొన్న రోగి కోలుకొన్నాడనుకొందాం. అది మందు ప్రభావమా? లేక మందు లేకపోయినా కోలుకొనేవాడా? ఒక్క రోగిని చూచి ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేము. ఈ చిక్కును చాలా పూర్వమే గుర్తించిన వైద్యుడు అబూ బక్ర్ అల్ రాజీ. పారశీక దేశంలోని రయ్ నగరంలో జన్మించి, బాగ్దాదులో ఆసుపత్రికి అధిపతిగా పనిచేసిన ఈ మహనీయుడు, సుమారు 1,100 సంవత్సరాల క్రిందట, మెదడు పొరల వాపు లక్షణాలు కనిపించిన రోగులలో ఒక వర్గానికి నెత్తురు తీసి, మరొక వర్గానికి ఉద్దేశపూర్వకంగా తీయక, ఫలితాలను పోల్చినట్లు వ్రాసుకొన్నారు. నెత్తురు తీయడమే మేలన్న ఆయన నిర్ణయాన్ని నేటి వైద్యం అంగీకరించదు. కాని పోల్చి చూడాలన్న ఆలోచన మాత్రం నిలిచి ఉన్నది.

అయితే పోల్చినంత మాత్రాన చాలదు. పోల్చే వర్గాలు రెండూ సమానంగా ఉండాలి. బలమైన వారికి క్రొత్త మందును, నీరసించిన వారికి పాత మందును ఇస్తే గెలిచేది మందు కాదు, మొదటి వర్గం వారి దేహబలం. ఈ పక్షపాతాన్ని తొలగించడానికే ఏ రోగి ఏ వర్గంలో చేరాలన్నది వైద్యుని ఇష్టానికి గాని, రోగి ఇష్టానికి గాని వదలక, చీట్లు తీసినట్లుగా నిర్ణయిస్తారు. బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి 1948లో ప్రకటించిన క్షయవ్యాధి పరీక్ష ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అందులో 55 మందికి విశ్రాంతితో పాటు స్ట్రెప్టోమైసిన్, 52 మందికి విశ్రాంతి మాత్రమే ఇచ్చారు. ఆరు నెలలలో మొదటి వర్గంలో నలుగురు, రెండవ వర్గంలో 14 మంది మరణించారు. వాదోపవాదాలకు తావు లేకుండా మందు విలువ తేలిపోయింది.

భీమవరం బిడ్డ, బోస్టన్ పిల్లలు

అదే 1948వ సంవత్సరం కాన్సరు చరిత్రలోనూ చిరస్మరణీయమైనది. అందులో తెలుగువారి పాత్ర ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు నేతృత్వం వహిస్తూ ఫోలిక్ ఆమ్లంపైన, దానిని పోలిన రసాయనాలపైన పరిశోధనలు జరిపించారు. కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. బోస్టన్‌లోని బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త కాన్సరు సోకిన పిల్లలకు మొదట ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలనే ఇచ్చి చూడగా, వ్యాధి మరింత వేగంగా పెరిగినట్లు కనిపించింది. అట్లయితే దానికి విరోధి అయిన పదార్థం వ్యాధిని అణచవలెను గదా! సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అటువంటిదే. అది ఫోలిక్ ఆమ్లం వేషం ధరించి కణాన్ని మోసగించి, విభజనను అడ్డుతుంది. ఫార్బర్ చికిత్స చేసిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది.

ఈ పరీక్షలో పోలిక వర్గం లేదు. అప్పటికి ఆ వ్యాధి సోకిన బిడ్డ కొద్ది నెలలకు మించి బ్రతకడమే అరుదు; కనుక తగ్గుదల స్వల్పకాలమే నిలిచినా అది కంటికి స్పష్టంగా కనిపించింది. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. కాని చాలా మందుల ప్రభావం ఇంత స్ఫుటంగా కనిపించదు. పది మందిలో ఒకరికో ఇద్దరికో అదనంగా మేలు జరిగితే, దానిని పసిగట్టడానికి వందలాది మందిని పోల్చి చూడక తప్పదు.

మూడు మెట్లు

ప్రయోగశాలలోను, జంతువులలోను ఆశాజనకంగా కనిపించిన మందు మనుష్యుల వద్దకు మూడు మెట్లుగా వస్తుంది. మొదటి దశలో కొద్దిమందికి, తక్కువ మోతాదుతో ఆరంభించి, శరీరం ఎంత మోతాదును భరించగలదో చూస్తారు. కాన్సరు మందులు తీక్ష్ణమైనవి కావడంచేత, ఈ దశలో కూడా సాధారణంగా రోగులే పాల్గొంటారు. రెండవ దశలో గడ్డ తగ్గుతున్నదా లేదా అని పరిశీలిస్తారు. మూడవ దశలో వందల నుండి వేల సంఖ్యలో రోగులను తీసుకొని, అప్పటికి వాడుకలో ఉన్న ఉత్తమ చికిత్సతో క్రొత్తదానిని పోలుస్తారు.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. రెండవ వర్గం వారికి ఉత్తుత్తి మాత్రలిచ్చి వారిని మరణానికి వదలివేస్తారని కొందరు భయపడతారు. ఫలితమిచ్చే చికిత్స ఉన్న వ్యాధిలో అట్లు చేయడం నీతికి విరుద్ధం. ఉన్న చికిత్సను ఇస్తూ, దానికి తోడుగా ఒకరికి క్రొత్త మందు, మరొకరికి ఉత్తుత్తి మందు ఇవ్వడం మాత్రం కలదు.

క్రొత్తది మేలనుకొన్నప్పుడు పరీక్ష ఎందుకు అని ప్రశ్నించవచ్చు. దీనికి చరిత్రయే సమాధానం చెబుతుంది. రొమ్ము కాన్సరుకు స్తనంతో పాటు ఛాతీ కండరాలను సైతం కోసివేసే శస్త్రచికిత్స పందొమ్మిదవ శతాబ్దం చివర నుండి దశాబ్దాల తరబడి సాగింది. ఎంత ఎక్కువ కోస్తే అంత క్షేమమని నమ్మకం. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వాన 1971లోను, 1976లోను ఆరంభమైన పరీక్షలు ఆ నమ్మకాన్ని పడగొట్టాయి. గడ్డను మాత్రమే తొలగించి రేడియేషన్ ఇచ్చిన స్త్రీలు, స్తనమంతా తీయించుకొన్నవారితో సమానంగా జీవించారని 20 ఏండ్ల పరిశీలన తరువాత 2002లో వెలువడిన ఫలితాలు తెలిపినవి. ఇందుకు భిన్నంగా, 1990ల దశకంలో అదే వ్యాధికి అత్యధిక మోతాదు మందులిచ్చి మూలకణాల మార్పిడి చేసే చికిత్స, పరీక్ష పూర్తికాక ముందే వ్యాపించింది. వేలాది స్త్రీలు ఆ బాధను అనుభవించిన తరువాత, 1999లో వెలువడిన ఫలితాలు దానివల్ల ఆయుర్దాయం పెరగలేదని చూపాయి. అనుకూలంగా కనిపించిన దక్షిణాఫ్రికా పరీక్ష బూటకమని 2000లో బయటపడింది.

ఎక్కువ చికిత్స ఎల్లవేళలా అనర్థమని కూడా దీని తాత్పర్యం కాదు. మన దేశంలో పొగాకు, గుట్కాల మూలంగా నోటి కాన్సరు అధికం. వ్యాధి తొలిదశలో ఉండి, మెడలో గ్రంథులు చేతికి తగలనప్పుడు, నోటిలోని గడ్డతో పాటే ఆ గ్రంథులను కూడా తీయాలా, లేక వ్యాధి అక్కడ కనిపించినప్పుడే తీయాలా అనే వివాదం చిరకాలంగా ఉండేది. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు దీనిని పరీక్షకు పెట్టి, 500 మంది రోగుల ఫలితాలను 2015లో ప్రకటించారు. మూడేండ్ల తరువాత, ముందే గ్రంథులు తీయించుకొన్నవారిలో 80 శాతం, వేచి ఉన్నవారిలో 67.5 శాతం జీవించి ఉన్నారు. ఇందులో క్రొత్త మందు లేదు, ఖరీదైన యంత్రం లేదు. రెండు పాత పద్ధతులను నిజాయితీగా పోల్చడమే జరిగింది.

సమ్మతి లేని శాస్త్రం

శాస్త్రం ఎంత గొప్పదైనా, రోగి సమ్మతి లేనిదే అది న్యాయం కాజాలదు. దీనికి మన ప్రాంతంలోనే ఒక చేదు ఉదాహరణ ఉన్నది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార కాన్సరును నివారించే హెచ్.పి.వి. టీకాను సుమారు 14 వేల మంది బాలికలకు వేసే పథకం ఆరంభమైంది. ఇది పరీక్ష కాదు, టీకా వేసే విధానాన్ని పరిశీలించే పథకం మాత్రమేనని నిర్వాహకులు చెప్పుకొన్నారు. కొందరు బాలికలు మరణించడంతో ఆందోళన చెలరేగి, 2010 ఏప్రిల్‌లో పథకం నిలిచిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని అనేక సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వసతి గృహాల అధికారులే సంతకాలు చేసిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ లోపాలను తీవ్రంగా ఖండించింది. టీకా మంచిదే కావచ్చు. ఆ తల్లిదండ్రులను అడగకపోవడం మాత్రం మంచిది కాదు.

నేడు మన దేశంలో 2019 నాటి నియమావళి ప్రకారం, రోగికి అర్థమయ్యే భాషలో వివరించి వ్రాతపూర్వకమైన సమ్మతి తీసుకోవాలి. చదువురాని వారి విషయంలో నిష్పక్షపాతియైన సాక్షి ఉండాలి. పరీక్ష మూలంగా హాని కలిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం లభించాలి. ప్రతి పరీక్షను ముందుగా ఆసుపత్రి నైతిక సంఘం ఆమోదించాలి. జాతీయ పట్టికలో నమోదు 2009 నుండి తప్పనిసరి. ఆ పట్టికను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

కనుక అటువంటి పత్రం చేతికి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి: ఇది ఏ దశ పరీక్ష? ఇందులో చేరకపోతే లభించే చికిత్స ఏది? దుష్ఫలితాలు ఏమిటి? మందుల ఖర్చు, ప్రయాణపు ఖర్చు ఎవరివి? హాని కలిగితే ఎవరిని సంప్రదించాలి? పత్రం ఉర్దూలోనో తెలుగులోనో కావాలంటే సంకోచించక కోరండి. ఇంటికి తీసుకొనిపోయి ఆలోచించుకొనే గడువు అడగండి. చేరిన తరువాత కూడా ఎప్పుడైనా వైదొలగే హక్కు రోగికి ఉన్నది. అందువల్ల అతనికి రావలసిన సాధారణ చికిత్స ఆగరాదు. ఈ ప్రశ్నలన్నింటికీ ఓపికతో సమాధానం చెప్పే చోట నిశ్చింతగా ఆలోచించవచ్చు. చెప్పడానికి విసుగుకొనే చోట సంతకం చేయవలసిన పని లేదు.