మీకు తెలుసా? యుద్ధకాలపు నర్సుల జీతాల్లో హాలీ, కల్దార్ల తేడా

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో (1939–45) నర్సుల వేతనం వారి శిక్షణ, అనుభవాలతో పాటు వారు ఏ సర్వీసులో చేరారన్న దానిపై కూడా ఆధారపడి ఉండేది. అమెరికా సైన్యంలోని నర్సులకు పూర్తి అధికారి హోదా, దానికి తగిన జీతభత్యాలన్నీ 1944 జూన్ నాటి చట్టంతో గాని దక్కలేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో రష్‌క్లిఫ్ కమిటీ 1943లో నర్సులకు జాతీయ వేతన శ్రేణులను సిఫారసు చేయగా, అదే ఏడాది భారతదేశంలో వెలువడిన ఆర్డినెన్సు సైనిక నర్సింగ్ సర్వీసును కమిషన్డ్ అధికారుల ప్రత్యేక దళంగా రూపొందించింది.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో జీతాల పోలికకు నాణెం మరో చిక్కు తెచ్చిపెట్టింది. నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో భాగమైన ఈ జిల్లాల సర్కారు దవాఖానాల సిబ్బందికి జీతాలు హాలీ సిక్కాలో, అనగా సంస్థానపు సొంత రూపాయల్లో ముట్టేవి. భారత సైన్యం మాత్రం కల్దార్లలో, అనగా బ్రిటిష్ ఇండియా రూపాయల్లో చెల్లించేది. ఆరు కల్దార్ల మారకపు విలువ దాదాపు ఏడు హాలీ రూపాయలు కాబట్టి, ఉదాహరణకు రెండు చోట్లా జీతం 70 రూపాయలే అనుకున్నా, హాలీలో పొందే నర్సుకు కల్దార్ల లెక్కన సుమారు 60 రూపాయలే దక్కినట్లు.