పేరు రాయని టేపు: కచేరీ హాలు చరిత్రలో ఎవరు మిగులుతారు?

2005 జనవరి. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పాత రేడియో టేపులను డిజిటల్‌లోకి మారుస్తున్నారు. అక్కడ పనిచేసే లారీ ఆపెల్‌బామ్ చేతికి కొన్ని టేపు డబ్బాలు వచ్చాయి. కార్నెగీ హాల్, జాజ్, 1957 అని వాటి మీద ఉంది. టేపు పెట్టి వింటే, పియానో మీద థెలోనియస్ మంక్, శాక్సోఫోన్ మీద జాన్ కోల్‌ట్రేన్.

ఆఫ్రికన్ అమెరికన్ సంగీతంలో ఆ ఇద్దరూ శిఖరాల్లాంటివాళ్లు. కలిసి వాయించింది కొద్ది నెలలే. ఆ నెలల్లోదే ఈ కచేరీ. 1957 నవంబర్ 29న, హార్లెమ్‌లోని ఒక సామాజిక కేంద్రానికి నిధుల కోసం న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో జరిగింది. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో రికార్డు చేసింది. ఆ టేపు కాలిపోలేదు, పోగొట్టుకోలేదు. దేశంలోకెల్లా పెద్ద గ్రంథాలయంలో భద్రంగానే ఉంది. అయినా 47 ఏళ్లపాటు ప్రపంచం దృష్టిలో అది లేనట్టే. కారణం చాలా చిన్నది. డబ్బా మీద కోల్‌ట్రేన్ పేరు లేదు.

ప్రదర్శనల చరిత్రను కాపాడటం అనగానే మనకు టేపులు, ఫొటోలు, బీరువాలు గుర్తొస్తాయి. కానీ దాచినంత మాత్రాన చరిత్ర మిగలదు. ఎవరు పాడారు, ఎవరు వాయించారు, ఎప్పుడు, ఎక్కడ అన్నది రాసిపెడితేనే మిగులుతుంది. పేర్లు రాయని చోట మొదట మాయమయ్యేది ఎవరో దళిత కళాకారులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే కార్నెగీ హాల్ తన చరిత్రను తిరిగి ఎలా కూడగట్టుకుందో మనం తెలుసుకోవాలి.

95 ఏళ్ల తర్వాత మొదలైన లెక్క

ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ డబ్బుతో కట్టిన ఆ హాలు 1891 మే 5న తెరుచుకుంది. ప్రారంభోత్సవానికి రష్యా సంగీతకర్త చైకోవ్‌స్కీ స్వయంగా వచ్చారు. 1950ల చివరికి దాన్ని కూలగొట్టాలన్న నిర్ణయం జరిగింది. వయొలిన్ కళాకారుడు ఐజక్ స్టెర్న్ ముందు నిలబడి ఉద్యమం నడిపారు. 1960లో న్యూయార్క్ నగరం 50 లక్షల డాలర్లకు హాలును కొనేసింది. భవనం బతికింది.

అందులో జరిగిన వాటి లెక్క మాత్రం లేదు. హాలుకు సొంత ఆర్కైవ్ 1986లో గానీ ఏర్పడలేదు. అప్పటికే 95 ఏళ్లు గడిచిపోయాయి. అక్కడి కార్యక్రమాల్లో చాలావరకు బయటివాళ్లు హాలు అద్దెకు తీసుకుని జరిపినవే. వాళ్లు వెళ్లిపోయినప్పుడు కాగితాలూ వాళ్లతోనే వెళ్లిపోయాయి. ఒకప్పుడు అదే హాల్లో ప్రేక్షకులకు సీట్లు చూపించిన జీనో ఫ్రాన్సెస్కోనీ మొదటి ఆర్కైవిస్టు అయ్యారు. ఆయన కాగితాలు వెతుక్కుంటూ జనం దగ్గరికి వెళ్లారు. పాత ప్రోగ్రామ్ పుస్తకాలు, టికెట్లు, పోస్టర్లు ఉంటే ఇవ్వమని ప్రకటనలిచ్చారు. కచేరీ చూసి ఇంటికెళ్లిన మామూలు మనుషులు పెట్టెల్లో దాచుకున్నవి హాలు చరిత్రకు ఆధారమయ్యాయి. ఈరోజు 50 వేలకు పైగా కార్యక్రమాల వివరాలను ఎవరైనా ఇంటర్నెట్‌లో వెతుక్కోవచ్చు.

అద్దె తలుపులోంచి వచ్చినవాళ్లు

ఆ జాబితాలో వెతికితే ఏం కనిపిస్తుంది? హాలు తెరిచిన మరుసటి ఏడాదే, 1892 జూన్‌లో, సిసిరెట్టా జోన్స్ అనే నల్లజాతి గాయని అక్కడ పాడారు. 1912 మే 2న జేమ్స్ రీస్ యూరప్ నాయకత్వంలో క్లెఫ్ క్లబ్ ఆర్కెస్ట్రా వచ్చింది. వంద మందికి పైగా నల్లజాతి వాద్యకారులు ఒకే వేదికెక్కారు. హార్లెమ్‌లో నల్లజాతి పిల్లలకు సంగీతం నేర్పే పాఠశాల కోసం జరిపిన కచేరీ అది. ఆ మరుసటి సంవత్సరమే యువకుడైన అంబేడ్కర్ అదే నగరానికి, హార్లెమ్ పక్కనే ఉన్న కొలంబియా విశ్వవిద్యాలయానికి చదువుకోవడానికి వచ్చారు.

1938 డిసెంబర్ 23న నల్లజాతి సంగీతం చర్చి పాటల నుంచి స్వింగ్ దాకా నడిచిన దారిని చూపే కచేరీ జరిగింది. దానికోసం రాబర్ట్ జాన్సన్ అనే బ్లూస్ గాయకుడి కోసం వెతికితే ఆయన ఆ ఆగస్టులోనే చనిపోయారని తెలిసింది. ఆయన గ్రామఫోన్ రికార్డును వేదిక మీద వినిపించారు. 1943 జనవరిలో డ్యూక్ ఎలింగ్టన్ తన జాతి చరిత్రనే సంగీతంగా అల్లి అక్కడ వినిపించారు. 1958లో పాల్ రోబ్సన్ పాడారు. తన రాజకీయాల వల్ల ఏళ్ల తరబడి పాస్‌పోర్టుకూ వేదికలకూ దూరమైన మనిషికి ఆ సాయంత్రం హాలు నిండిపోయింది.

1968 ఫిబ్రవరి 23న అక్కడ జరిగింది కచేరీ కాదు, సభ. డబ్ల్యు.ఇ.బి. డుబోయ్స్ శతజయంతి సందర్భంగా మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడారు. ఆరు వారాలు తిరక్కముందే ఆయన్ని చంపేశారు. డుబోయ్స్ పేరు మనకు కొత్త కాదు. అంటరానివాళ్ల స్థితికీ అమెరికా నల్లజాతివాళ్ల స్థితికీ ఉన్న పోలిక గురించి, ఐక్యరాజ్యసమితికి వాళ్లు ఇచ్చిన వినతిపత్రం గురించి 1946లో అంబేడ్కర్ ఉత్తరం రాసింది ఆయనకే.

ఈ తేదీలన్నీ ఒక వరసలో పెట్టి చూస్తే, గొప్ప సంగీత మందిరం అన్న పేరు వెనక మరో చరిత్ర కనిపిస్తుంది. నిధులు సేకరించినవాళ్లు, నిషేధాన్ని ఎదిరించినవాళ్లు, అద్దె కట్టి వేదిక సంపాదించుకున్నవాళ్లు ఆ చరిత్రలో ఉన్నారు. ప్రోగ్రామ్ కాగితాలు దొరక్కపోతే మిగిలేది భవనం కట్టించిన ధనవంతుడి పేరొక్కటే.

ఒక సాయంత్రాన్ని ఎలా నమోదు చేస్తారు

ఈ పని బయటికి కనిపించినంత సులువు కాదు. ప్రతి కార్యక్రమానికీ తేదీ, సమయం, ఏ హాలు, ఎవరు నిర్వహించారు, ఎవరు ఏ పాత్రలో పాల్గొన్నారు, ఏయే అంశాలు ఏ వరసలో జరిగాయి అని విడివిడిగా రాస్తారు. ముందుగా అచ్చయిన కాగితాన్ని గుడ్డిగా నమ్మడానికి లేదు. గాయకుడికి జ్వరం వచ్చి మరొకరు పాడి ఉండొచ్చు. కార్యక్రమం రద్దయి ఉండొచ్చు. అందుకే ప్రోగ్రామ్ కాగితాన్ని మర్నాటి పత్రికా సమీక్షతో, ఫొటోలతో, హాలు బుకింగ్ పుస్తకంతో సరిచూస్తారు. ప్రకటించినది ఒకటి, జరిగినది ఒకటి అని రెండూ రాసిపెడతారు.

తర్వాతది పేర్ల సమస్య. ఒకే మనిషి పేరు పది రకాలుగా అచ్చవుతుంది. ఒకే పేరుతో ఇద్దరుంటారు. కాబట్టి ప్రతి మనిషికీ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, దొరికిన పేర్లన్నీ దాని కిందికి చేరుస్తారు. కార్నెగీ హాల్ ఈ సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేసింది. వికీడేటా వంటి చోట్లకు కలిపింది. అలా కలపడం వల్ల ఒక హాల్లో వాద్యకారుడిగా కనిపించిన మనిషే మరో ఊళ్లో పాఠశాల నడిపాడని, ఇంకోచోట ఉద్యమంలో ఉన్నాడని తెలుస్తుంది.

పేర్లలో రాజకీయమూ ఉంటుంది. సిసిరెట్టా జోన్స్‌ను పోస్టర్లలో ‘బ్లాక్ పాటీ’ అని వేసేవారు. అడెలీనా పాటీ అనే తెల్లజాతి గాయని పేరుకు రంగు తగిలించి ఈమెకు పెట్టారన్నమాట. ఆ పేరు ఆమెకు నచ్చలేదు. మంచి రికార్డు రెండింటినీ ఉంచుతుంది. పోస్టరు ఏమని పిలిచిందో రాస్తుంది, ఆ మనిషి పేరేమిటో కూడా రాస్తుంది. మొదటిదాన్ని తుడిచేస్తే అవమానం చరిత్రలో లేకుండా పోతుంది. రెండోది రాయకపోతే మనిషే లేకుండా పోతుంది.

జరగని కచేరీ

జరిగినవాటి జాబితా ఎంత పూర్తిగా ఉన్నా ఒక ఖాళీ మిగులుతుంది. 1939లో వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాల్‌ను మరియన్ ఆండర్సన్ కచేరీకి ఇవ్వడానికి యజమానులైన మహిళా సంఘం ఒప్పుకోలేదు. ఆమె నల్లజాతి గాయని. ఏప్రిల్ 9న లింకన్ స్మారకం మెట్ల మీద ఆమె పాడితే వినడానికి 75 వేల మంది వచ్చారు. కేవలం ఆ హాలు కచేరీల జాబితా చూసే విద్యార్థికి ఈ సంగతి తెలియదు. జాబితాలో ఏ ప్రదర్శనా తిరస్కరించినట్టు ఉండదు, జరిగినవే ఉంటాయి. దరఖాస్తులు, తిరస్కరణ ఉత్తరాలు, నిరసన కరపత్రాలు కూడా హాలు చరిత్రలో భాగమే. అవి దాచాల్సింది తిరస్కరణకు గురైనవాళ్లే. తలుపు మూసినవాళ్లు ఆ కాగితాన్ని భద్రపరుస్తారని ఆశించలేం.

మన ఆహ్వాన పత్రికలు ఒకసారి చూద్దాం

హైదరాబాద్‌లో రవీంద్రభారతి 1961 మే 11న ప్రారంభమైంది. రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి జ్ఞాపకంగా కట్టారు. అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ఇంతవరకూ తెలుసుకోవడానికి కష్టపడక్కర్లేదు. ఆ వేదిక మీద, మన జిల్లాల్లోని టౌన్‌హాళ్ల వేదికల మీద చిందు యక్షగానం ఆడినవాళ్లు, కిన్నెర మీటినవాళ్లు, డప్పు కొట్టినవాళ్లు ఎవరెవరు అని అడిగితే అప్పుడు తడబడతాం.

చిందు ఎల్లమ్మ, పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య, గడ్డం సమ్మయ్య పేర్లు మనకు తెలుసు. వాళ్ల వెనక మద్దెల వాయించినవాళ్లు, తాళం వేసినవాళ్లు, వంతపాడినవాళ్ల పేర్లు? చిందు, డక్కలి, బైండ్ల వంటి సమూహాల కళ కుటుంబాల కళ. ఒక్కరితో జరిగేది కాదు. జాంబపురాణం వంటి కథలు తరాలుగా నోటి మీద నిలిచింది ఈ సమూహాల వల్లే. కానీ ఆహ్వాన పత్రికలో ముఖ్య అతిథికి ఒక లైను, విశిష్ట అతిథికి ఒక లైను, కళాకారులందరికీ కలిపి ‘డప్పు బృందం’ అని ఒక్క ముక్క.

ఇతరులను అనేముందు మన కరపత్రాలు తీసి చూద్దాం. అంబేడ్కర్ జయంతి సభల్లో వక్తల పేర్లు హోదాలతో సహా వేస్తాం. చివరన ‘సాంస్కృతిక కార్యక్రమాలు ఉంటాయి’ అని రాస్తాం. సభ మొదలయ్యేదాకా జనాన్ని కూర్చోబెట్టింది ఆ పాటలూ ఆ దరువే. ఇరవై ఏళ్ల తర్వాత ఆ కరపత్రం చూసేవాళ్లకు వాళ్లెవరో తెలియదు.

ఇది గౌరవం ఒక్కదానికి సంబంధించిన విషయం కాదు. వృద్ధ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే ఆర్థిక సాయానికి దరఖాస్తు చేయాలంటే కళారంగంలో చేసిన పనికి ఆధారాలు జతచేయాలి. జీవితమంతా ఆడి పాడినా, పేరున్న కాగితం ఒక్కటి లేకపోతే ఆ మనిషి ఏం చూపిస్తాడు? పేరు రాయని కరపత్రం అరవై ఏళ్ల వయసులో అతని బువ్వకు అడ్డమొస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

దీనికి పెద్ద సంస్థ, పెద్ద నిధి వచ్చేదాకా ఆగక్కర్లేదు. కార్నెగీ హాల్‌కు కూడా మొదటి ఆధారాలు ఇళ్లలోంచే వచ్చాయి. ఒక కళాశాల విద్యార్థి బృందం తమ ఊరి హాలునో, తమ జిల్లాలోని ఒక కళాబృందాన్నో ఎంచుకుంటే చాలు.

కళాకారుల ఇళ్లకు వెళ్లి కరపత్రాలు, శాలువా సన్మానాల ప్రశంసాపత్రాలు, ఫొటోలు చూపించమని అడగండి. వాటిని తీసుకెళ్లొద్దు, అక్కడే రెండు వైపులా ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే చిత్రం నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపండి. పాత కాగితాలకు లామినేషన్ చేయించొద్దు. పాత ఫొటో వెనక పెన్నుతో కాకుండా మెత్తని పెన్సిల్‌తో, ఒత్తి రాయకుండా, అందులో ఉన్నవాళ్ల పేర్లు ఎడమ నుంచి కుడికి వరసగా రాయండి. క్యాసెట్ దొరికితే వినేముందే దాని పైఅంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేయండి. పొరపాటున మళ్లీ రికార్డు అయ్యే ప్రమాదం తప్పుతుంది. డిజిటల్ ప్రతులు రెండు చోట్ల ఉంచండి. అందులో ఒకటి ఆ కుటుంబం దగ్గరే ఉండాలి.

కులం రాయాలా వద్దా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. రాయకపోతే ఈ కళ ఎవరిదో చెరిగిపోతుంది. అడక్కుండా రాస్తే అది మరో ముద్ర అవుతుంది. ఆ మనిషినే అడగాలి. తన పేరు, తన సమూహం పేరు ఎలా రాయాలని కోరితే అలా రాయాలి. వద్దంటే వద్దు.

ఇవన్నీ పాత ప్రదర్శనల సంగతి. రేపటి ప్రదర్శన మన చేతుల్లోనే ఉంది. వచ్చే సభకు కరపత్రం వేసేటప్పుడు ప్రెస్‌కు వెళ్లేముందు బృందానికి ఒక ఫోన్ చేసి, డప్పు కొట్టేవాళ్లందరి పేర్లూ అడిగి రాసుకోండి. ఎనిమిది మంది ఉంటే ఎనిమిది పేర్లూ వేయండి. చోటు చాలకపోతే అతిథుల హోదాలు కాస్త తగ్గించండి.