చక్కెర జబ్బు – మనసు సంగతి

ఇంట్లో ఒకరికి షుగరు ఉందని తేలగానే మనం ముందుగా చేసే పని పంచదార డబ్బాను పై అరలోకి ఎక్కించడం. ఆ తరువాత వారి కంచానికి కాపలా మొదలవుతుంది. “అన్నం ఎక్కువైందండీ”, “ఆ పండు ముట్టుకోకండి” అని పూటపూటా చెబుతూంటాం. ప్రేమతోనే అంటాం. కాని వినేవారికెలా ఉంటుందో ఆలోచిస్తున్నామా?

మన దేశంలో 2021 నాటికి సుమారు 10 కోట్ల మందికి ఈ జబ్బు ఉన్నట్టు 2023లో వెలువడిన సర్వే చెప్పింది. ఎక్కువమందిది రెండో రకం. ఇందులో ఇన్సులిన్ తయారైనా సరిగా పనిచేయదు; పోనుపోను తయారయేదీ తగ్గుతుంది. వచ్చి పోయే జ్వరం కాదిది. ఏళ్ళ తరబడి మాత్రలూ, లెక్కలూ, పథ్యమూ ఉంటే విసుగు రాకుండా ఉంటుందా?

ఆ విసుగునూ కొలవాలని 1995లో అమెరికాలో పరిశోధకులు 20 ప్రశ్నల పట్టిక ఒకటి వెలువరించారు. రక్తంలో చక్కెర ఎంత అని అందులో అడగరు. తిండి దగ్గర మనసు చంపుకుంటున్నట్టుందా, అయినవాళ్ళు అండగా లేరనిపిస్తోందా, ముందు ముందు ఏమవుతుందోనని బెంగగా ఉందా అని అడుగుతారు. బెంగ ముదిరితే మందు వేళ తప్పుతుంది, నడక మూలపడుతుంది. చక్కెర పెరుగుతుంది. దాన్ని చూసి బెంగ ఇంకా పెరుగుతుంది.

మరి మనం చేయగలిగిందేమిటి? మొదటిది, వారొక్కరికే వేరే వంట వద్దు. అన్నం కాస్త తగ్గించి పప్పూ, ఆకుకూరా పెంచితే ఇంటిల్లిపాదికీ మంచిదే. “వద్దు” అనే బదులు “ఇంతవరకూ ఫరవాలేదు” అనండి. ఎంతవరకన్నది డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.

రెండవది, పెళ్ళి పంక్తిలో “ఆయనకు షుగరు, లడ్డు వేయకండి” అని నలుగురూ వినేలా చెప్పకండి. వద్దనుకుంటే వారే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.

మూడవది, చక్కెర పడిపోవడం. ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారికి భోజనం ఆలస్యమైతే చెమటలు పట్టి, చేతులు వణకవచ్చు. 70 కన్నా తగ్గితే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్ళీ పరీక్ష చేయండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అందుకే ఆ డబ్బాను మరీ అందనంత ఎత్తున పెట్టకండి.

ఇంతసేపూ “వారు” అంటున్నాను గాని, ఆ జబ్బు మీకే ఉండవచ్చు. ఆయన మాత్ర వేళకు అందించే ఇల్లాలిని “నువ్వు వేసుకున్నావా?” అని అడిగేవారు తక్కువే. శనివారం ఒంటిపూట ఉండడం, మిగిలిన అన్నం పారేయలేక తినడం మనకలవాటు. డాక్టరుగారిని అడగకుండా ఉపవాసాలుండకండి. మీ మాత్ర సంగతి ఇంట్లో ఒకరికి అప్పగించండి. సాయంత్రం అరగంట నడకకు వెళ్ళండి. కూర పొయ్యి మీద ఉందనే వంకతో దాన్ని మానకండి.