జ్యోతిర్మఠంలో రెండు రాత్రులు

బదరీయాత్రకు సిద్ధపడే భక్తులు ఈ మధ్య తరచుగా నన్నడుగుతున్న ప్రశ్న ఒకటున్నది. “స్వామి దర్శనంతోపాటు దగ్గరలోనే ఉన్న పూలలోయను కూడా చూచి రావచ్చునా? ఎక్కడ బస చేయాలి? ఎన్ని రోజులు పడుతుంది?” అని. చూడవచ్చును, అయితే జ్యోతిర్మఠంలో రెండు రాత్రులైనా నిలిచి మరీ వెళ్ళవలెనని నా విన్నపం.

జోషీమఠమని లోకవ్యవహారంలో ఉన్న ఈ ఊరు ఋషీకేశానికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, ఆరువేల అడుగులకు పైబడిన ఎత్తున ఉన్నది. ఆదిశంకరుల ఉత్తరామ్నాయ పీఠం ఇదే. తోటకాచార్యులు తొలి పీఠాధిపతి అని సంప్రదాయం. ఇక్కడి నృసింహాలయం మన తెలుగువారి మనసుకు మరీ దగ్గరిది. శీతకాలంలో బదరీ ఆలయం మూసినపుడు శంకరుల గద్దె ఈ ఆలయానికే వస్తుంది. ఉద్ధవ, కుబేరుల మూర్తులు పాండుకేశ్వరంలో ఉంటాయి. కాబట్టి ఇది కేవలం దారిలోని మజిలీ కాదు, తనంతట తానే క్షేత్రం.

రెండు రాత్రులని ఎందుకంటున్నానో నా అనుభవమే చెబుతుంది. పదిహేనేళ్ళ క్రితం మే నెలలో, ఏకాదశినాటికి స్వామి సన్నిధిలో ఉండాలన్న పట్టుదలతో, దారిలో ఎక్కడా సరిగా ఆగక బదరి చేరాను. ఆ క్షేత్రం పదివేల అడుగుల పైమాట. ఆ రాత్రి నా సహధర్మచారిణికి తలపోటు, వాంతులు, ఊపిరందకపోవడం మొదలయ్యాయి. తెల్లవారగానే క్రిందికి దించి జ్యోతిర్మఠానికి తెచ్చాము. అక్కడ తేరుకున్న తరువాత ఆమె అన్నమాట నేటికీ మరువలేదు: “ఏమండీ, స్వామి ఎక్కడికీ పోడు. మనమే మెల్లగా వద్దామన్నాను కదా!” శాస్త్రం చదివిన నేను తిథిని చూచానే గాని తోడివారి ఊపిరిని చూడలేదు. తప్పు నాదే.

ఎత్తు పెరిగినకొద్దీ గాలి పలచబడుతుంది. దానికి దేహం అలవాటుపడడానికి వ్యవధి కావాలి. అందుచేత మొదటిరోజు ఋషీకేశంనుండి పీపల్‌కోటి వరకు, రెండవరోజు జ్యోతిర్మఠానికి. మూడవరోజు నృసింహస్వామి దర్శనం, విశ్రాంతి. నాలుగవరోజు గోవిందఘాట్ మీదుగా పుల్నా చేరి, అక్కడినుండి సుమారు పది కిలోమీటర్లు నడచిగాని, గుర్రంపైగాని ఘాంఘరియాకు. అయిదవరోజు పూలలోయ. ఆరవరోజు దిగివచ్చి బదరికి. ఏడవరోజు తిరిగి జ్యోతిర్మఠానికి, ఎనిమిదవరోజు ఋషీకేశానికి. వీటికితోడు రెండు రోజులు చేతిలో ఉంచుకొని మరీ తిరుగురైలుకు టిక్కెట్టు తీసుకొనండి. పూలు విరివిగా పూసేది జూలై నడుమనుండి ఆగస్టు నడుమవరకు. కొండచరియలు విరిగిపడేదీ అప్పుడే. పూలలోయ అక్కరలేని వృద్ధులకు మే, సెప్టెంబరు మాసాలు మేలు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు వైద్యుని అడిగి బయలుదేరవలెను. యాత్రకు ప్రభుత్వ నమోదు తప్పనిసరి.

పూలలోయ 1982లో జాతీయోద్యానమైనది. పుష్పావతీ నది పారే ఈ లోయ వైశాల్యం సుమారు 87 చదరపు కిలోమీటర్లు. ప్రవేశం జూన్ 1నుండి అక్టోబరు 31వరకు మాత్రమే. లోపల రాత్రి ఉండరాదు. గుర్రాలకు అనుమతి లేదు. ఉదయాన్నే వెళ్ళి చీకటిపడకముందే ఘాంఘరియాకు తిరిగిరావలెను.

ఇక్కడొక మాట. పువ్వు కనబడితే స్వామికని చేయి చాచడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ లోయలో అది నేరం. ఒక్క పువ్వు కోసినా ఆ మొక్క విత్తనం నేలపడదు. ఎవరి తోటలోని పువ్వును ఎవరికి సమర్పిస్తాము? అవి కొమ్మమీదనే స్వామికి అర్పితములు. చూచి నమస్కరించడమే అక్కడి పూజ.

బస విషయంలోనూ విచక్షణ అవసరం. జ్యోతిర్మఠం పూర్వం విరిగిపడిన కొండమట్టిమీద నిలిచిన ఊరనీ, బరువైన కట్టడాలు తగవనీ 1976లోనే మిశ్రా సంఘం హెచ్చరించింది. 2023 జనవరిలో వందల ఇళ్ళు బీటలువారాయి. ఎన్నో కుటుంబాలు ఇళ్ళు వదలిపోవలసివచ్చింది. కనుక విడిది సురక్షితమైన చోట ఉన్నదో లేదో ముందే విచారించండి. నీళ్ళు పొదుపుగా వాడండి. తీసుకువెళ్ళిన ప్లాస్టిక్కును తిరిగి తెచ్చుకొనండి. మనం నాలుగు రోజుల అతిథులం. ఆ నేలమీద బ్రతికేవారు వారు.

ఈ ఏడు బదరికి వెళ్ళే ప్రతివారూ తోడివచ్చిన వృద్ధుల నడకనే తమ నడకగా చేసుకొని, అందరితో కలిసి క్షేమంగా ఇల్లు చేరుదురుగాక.