ఫిల్టర్ కొంటున్నారా? ముందు మీ నీళ్ల సంగతి చూడండి!

పక్కింట్లో ఆర్‌ఓ పెట్టించారని మీరూ ఆర్డర్ పెట్టేస్తున్నారా? ఒక్క నిమిషం! మీ కుళాయిలో వచ్చేవి కాలువ నీళ్లా, బోరు నీళ్లా?

తెనాలి వైపు కృష్ణా కాలువ నీళ్లలో మామూలుగా ఉప్పు తక్కువ. అసలు బెడద మట్టి, క్రిములు. వేసవిలో కాలువ కట్టేశాక చెరువుల్లో నిల్వ నీళ్లే దిక్కు కదా! వీటికి మట్టి పట్టే ఫిల్టర్, యూవీ ఉంటే చాలు. నీళ్లు బురదగా ఉంటే మాత్రం యూవీ ఒక్కటే పనిచేయదు. కాంతి క్రిముల దాకా చేరదు.

బాపట్ల, రేపల్లె దగ్గర సముద్రం పక్కనే. చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మరిగించినా ఉప్పు పోదు. ఆర్‌ఓ అవసరం అక్కడే.

టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. బీఐఎస్ ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. కానీ మీటరు 150 చూపించిందని ధీమా వద్దు. అది క్రిముల్ని చూపించదు. ఫ్లోరైడ్, నైట్రేట్ ఎంతున్నాయో విడిగా చెప్పదు. అందుకే ఒకసారి ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

ఆర్‌ఓ వదిలేసే నీళ్లు బాత్రూం కడగడానికి వాడుకోండి. క్యాండిల్ మార్చే తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. మార్చని ఫిల్టరే క్రిములకు ఇల్లు!